ఫ్రెంచి సినిమా ఆట వేసే ముందు చూసుకోవలసినవి

సంపాదకులకు నమస్కారం.

చిన్న థియేటర్లలో, ఫిల్మ్ సొసైటీల్లో ఫ్రెంచి సినిమాలు వేయాలన్న ఉత్సాహం మన దగ్గర కనిపిస్తోంది. ఏ దర్శకుణ్ణి పరిచయం చేయాలి, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని మీ సినిమా పేజీకి పాఠకులు రాస్తున్నారు. బొమ్మ తెర మీద ఎలా పడాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఆట చెడేది అక్కడే. నటుల తలలు తెగి, సబ్‌టైటిల్స్ సగం తెర కిందికి జారి, మాటలు ఏసీ హోరులో కలిసిపోతే, చూసినవాళ్ళు "ఈ ఫ్రెంచి సినిమాలు మనకెక్కవు" అని లేచి వెళ్ళిపోతారు. ఆ నింద సినిమా మీద పడుతుంది. తప్పు మాత్రం ఆపరేటర్ క్యాబిన్‌లో జరిగి ఉంటుంది. అందుకే ఆట వేసేవాళ్ళకు అక్కరకొచ్చే వివరాలు రాస్తున్నాను. హాలు యజమానులు, ఆపరేటర్లు, సొసైటీ కార్యదర్శులు కత్తిరించి దగ్గర పెట్టుకోవాలని నా కోరిక.

ముందు హక్కుల సంగతి. బ్లూరే కొన్నంత మాత్రాన దాన్ని హాల్లో పదిమందికి వేసే హక్కు రాదు. ఫ్రెంచి సినిమాలను విదేశాల్లో ప్రచారం చేసే యూనిఫ్రాన్స్ అనే సంస్థ 1949 నుంచి ఉంది. ఏ సినిమా విదేశీ హక్కులు ఏ కంపెనీ చేతిలో ఉన్నాయో దాని వెబ్‌సైటులో దొరుకుతుంది. పాత సినిమాలైతే చాలావరకు గోమోఁ, పతే, స్టూడియోకనాల్, ఎంకే2, లె ఫిల్మ్ ద్యు లొసాంజ్ లాంటి కంపెనీల దగ్గరే ఉంటాయి. వాళ్ళకు రాసే మొదటి ఈమెయిలులోనే సినిమా పేరు, సంవత్సరం, హాల్లో సీట్లెన్ని, ఎన్ని ఆటలు, ఏ తేదీలు, టికెట్టు ఎంత, ఏ భాష సబ్‌టైటిల్స్ కావాలి అన్నవన్నీ ఇవ్వాలి. "మీ సినిమా వేయాలనుకుంటున్నాం" అన్న ఒక్క వాక్యంతో రాస్తే జవాబు కోసం వారాలు ఎదురుచూడాలి. ఫ్రెంచి భాష నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ కేంద్రంతో కలిసి వేస్తే, ఫ్రెంచి ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ అంస్తితూ ఫ్రాన్సే వారి ఐఎఫ్ సినిమా జాబితాలోని సినిమాలు దొరుకుతాయి. అవి వాణిజ్యేతర ప్రదర్శనలకు ఇచ్చేవి. టికెట్టు పెట్టే ఆలోచన ఉంటే ముందే అడిగి తేల్చుకోవాలి. ఇక ఇక్కడ 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. చలనచిత్రోత్సవంగా వేస్తే కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు అడగవచ్చు. హాలు బుక్ చేసి, పోస్టర్లు అంటించి, ఆ తరవాత దీని గురించి ఆలోచించేవాళ్ళే ఆట రద్దు చేసుకుంటారు.

రెండోది సర్వరు, అంటే సినిమా ఫైళ్ళను దాచి ఆడించే యంత్రం. పారిస్ ల్యాబుల నుంచి సినిమా డీసీపీగా వస్తుంది. అది 2005లో హాలీవుడ్ స్టూడియోలు కలిసి ఖరారు చేసిన డీసీఐ ప్రమాణం మీద ఆడే ఫైళ్ళ మూట. మన ఊళ్ళలో చాలా సింగిల్ స్క్రీన్లలో ఉన్నవి ఆ ప్రమాణానికి చెందని ఇ-సినిమా సర్వర్లు. వాటిలో డీసీపీ ఎక్కదు. "మా దగ్గర డిజిటల్ ఉంది" అన్న మాట సరిపోదు. సర్వరు, మీడియా బ్లాక్ (ఫైళ్ళ తాళం విప్పి బొమ్మను ప్రొజెక్టరుకు అందించే భాగం) మోడలు నంబర్లు రాసుకుని సర్వీసు ఇంజనీరుతో ధ్రువపరచుకోవాలి. హక్కుల కోసం రాసే ముందే ఈ పని జరగాలి.

హార్డ్ డిస్క్ చేతికొచ్చాక చేసే మొదటి పొరపాటు ఒకటుంది. డీసీపీ డిస్కులు సాధారణంగా లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆఫీసులో ఉన్న విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే అది డిస్కును చదవలేక, "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. సరే అన్నారో సినిమా పోయినట్టే. డిస్కును నేరుగా సర్వరుకే తగిలించాలి. గంటన్నర 2కే సినిమా డీసీపీ గరిష్ఠంగా దాదాపు 170 జీబీ ఉండొచ్చు. 150 జీబీ సినిమా పాత యూఎస్‌బీ పోర్టు గుండా సర్వరులోకి ఎక్కడానికి సుమారు గంటన్నర పడుతుంది. నెట్ ద్వారా దించుకుంటే 100 ఎంబీపీఎస్ లైను ఎక్కడా జారకుండా పనిచేసినా మూడు గంటల ఇరవై నిమిషాలు. ఎక్కించేటప్పుడు సర్వరు ప్రతి ఫైలునూ దాని గుర్తుతో సరిపోల్చుకుంటుంది. ఒక్క ఫైలు పాడైనా మధ్యలో ఆగిపోతుంది. ఆట రోజు పొద్దున ఎక్కించుకుందాంలే అనుకునేవాళ్ళకు మళ్ళీ తెప్పించుకునే వ్యవధి ఉండదు.

డీసీపీ పేరును చదవడం ప్రతి ఆపరేటరూ నేర్చుకోవాలి. ఆ పొడుగాటి పేరులోనే సినిమా జాతకమంతా ఉంటుంది. ఉదాహరణకు అందులో ఎఫ్-166 అని ఉంటే ఫ్లాట్ చట్రంలో 1.66 బొమ్మ, అంటే వెడల్పు ఎత్తుకు 1.66 రెట్లు అని అర్థం. ఎస్ ఉంటే స్కోప్, అంటే ఫ్లాట్‌కన్నా వెడల్పాటి బొమ్మ. ఆ తరవాత ఎఫ్‌ఆర్-ఈఎన్ అని ఉంటే మాటలు ఫ్రెంచి, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషు. ఎఫ్‌ఆర్-ఎక్స్‌ఎక్స్ అని ఉంటే సబ్‌టైటిల్స్ అసలు లేనట్టు. ఫ్రాన్సులో ఆడేందుకు తయారైన డీసీపీని పొరపాటున పంపితే ఇదే వస్తుంది. పేరు చూసుకోకపోతే ఆట మొదలయ్యాక గానీ తెలియదు. సబ్‌టైటిల్ భాషను సూచించే రెండు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి (క్యాపిటల్) అయితే సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా ఉన్నట్టు, చిన్నవి (స్మాల్) అయితే బొమ్మలోనే అచ్చయి ఉన్నట్టు. విడిగా ఉన్నవాటిని సర్వరులో ఆపవచ్చు, అచ్చయినవాటిని ఆపలేం. తెలుగు సబ్‌టైటిల్స్ వేయాలనుకునేవారికి ఈ తేడా ప్రాణం. చివర ఓవీ అంటే సినిమా మొత్తం అందులో ఉంది. వీఎఫ్ అంటే అది వెర్షన్ ఫైలు, మారిన భాగాలు మాత్రమే అందులో ఉంటాయి. ఓవీ కూడా సర్వరులో ఉంటేనే ఆడుతుంది. వీఎఫ్ డిస్కు ఒక్కటే వచ్చి కూర్చుంటే బొమ్మ పడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది బొమ్మ ఆకారం.

మన హాళ్ళలో రెండే అలవాటు, స్కోప్, ఫ్లాట్. అంటే 2.39, 1.85. ఫ్రెంచి సినిమాల్లో వీటితో పాటు 1.66, 1.37 కూడా వస్తాయి. కాలాన్ని బట్టి ఊహించడం కుదరదు. 1959లో వచ్చిన త్రుఫో 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్' నలుపు తెలుపు సినిమానే గానీ స్కోప్. మరుసటి ఏడాది వచ్చిన గొదార్ 'బ్రెత్‌లెస్' 1.37. అదే గొదార్ 1963లో తీసిన 'కంటెంప్ట్' మళ్ళీ స్కోప్. 1962 నాటి ఆన్యెస్ వార్దా 'క్లియో ఫ్రమ్ 5 టు 7' 1.66. "పాత సినిమా కదా, చదరంగా ఉంటుందిలే" అని ప్రొజెక్టరులో ముందే అమర్చిన ఒక కొలత (ప్రీసెట్) పెట్టేసి కూర్చుంటే నాలుగింట్లో మూడు తప్పుతాయి.

1.66, 1.37 సినిమాలు డీసీపీలో ఫ్లాట్ చట్రం మధ్యలో కూర్చుని వస్తాయి. చట్రం 1998 పిక్సెళ్ళ వెడల్పు, 1080 ఎత్తు. 1.37 బొమ్మ అందులో 1480 పిక్సెళ్ళే తీసుకుంటుంది. మిగతాది రెండు పక్కలా నలుపు. ఆ నలుపు చూసి మేనేజరు క్యాబిన్‌కు ఫోను చేస్తాడు, "బొమ్మ చిన్నగా పడుతోంది, నింపు" అని. ఆపరేటరు జూమ్ లాగుతాడు. 1.37 బొమ్మను 1.85కు సాగదీస్తే ఎత్తులో 26 శాతం తెర బయటికి పోతుంది. పైన తలలు, కింద సబ్‌టైటిల్స్. 1.66 అయితే పదో వంతు పోతుంది. రెండు వరుసల సబ్‌టైటిల్‌లో కింది వరుస మాయం కావడానికి అది చాలు. జూమ్ లాగడం అంటే దర్శకుడు పెట్టిన ఫ్రేములో కోత వేయడమే. దయచేసి ఎవరూ అది చేయనివ్వొద్దు.

40 అడుగుల స్కోప్ తెర లెక్క చెబుతాను. ఎత్తు 16.7 అడుగులు. అదే ఎత్తులో ఫ్లాట్ బొమ్మ వెడల్పు 31 అడుగులు, 1.66 అయితే 27.8, 1.37 అయితే 22.9. అంటే ఫ్లాట్ అంచు నుంచి ఒక్కో పక్క లోపలికి 1.66కు సుమారు ఒకటిన్నర అడుగు, 1.37కు నాలుగు అడుగులు నల్లగా మూయాలి. మోటారు కర్టెన్లు ఉన్న హాల్లో కర్టెన్ ఆగే చోట్లు (స్టాపులు) కొత్తగా రెండు పెట్టిస్తే చాలు. లేనిచోట నాలుగడుగుల వెడల్పు, 17 అడుగుల ఎత్తున్న రెండు తేలికపాటి చట్రాలకు మెరుపులేని నల్లబట్ట బిగించి తెర ముందు రెండు పక్కలా నిలబెట్టాలి. సాటిన్ లాంటి మెరిసే బట్ట వద్దు, వెలుగును తిప్పికొడుతుంది. ఏ మాస్కింగూ లేకుండా వదిలేస్తే ఏమవుతుందంటే, డిజిటల్ ప్రొజెక్టరు నలుపు పూర్తి నలుపు కాదు, బూడిద రంగు. చీకటి సన్నివేశాల్లో ఆ బూడిద పట్టీలు బొమ్మకన్నా వెలుగ్గా కనిపిస్తాయి. అప్పుడు ప్రేక్షకుడి కన్ను వాటి మీదికే పోతుంది.

వెలుగు గురించి రెండు ముక్కలు. తెర వెలుగును కొలిచే ఫుట్‌లాంబర్టు లెక్కలో తెర మధ్యలో 14 ఉండాలని ప్రమాణం. ల్యాంపు పాతబడితే పగటి సన్నివేశాలు కూడా సాయంత్రంలా కనిపిస్తాయి. 3డీ ఆట అయ్యాక లెన్సు ముందున్న ఫిల్టరు తీయకుండా వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. దాంతో వెలుగు బాగా పడిపోతుంది. నలుపు తెలుపు సినిమా వేసే రోజు ముందుగా అది చూడాలి.

శబ్దం విషయంలో జరిగే తప్పు వేరు. శబ్దాన్ని నియంత్రించే ప్రాసెసర్ మీద 7 అన్న అంకె సినిమా మిక్స్ చేసినప్పటి ప్రమాణ స్థాయి. మన పెద్ద సినిమాల మోత తట్టుకోలేక హాళ్ళు దాన్ని 4.5కో 5కో దించి అక్కడే వదిలేస్తాయి. మాటల మీద నడిచే ఫ్రెంచి సినిమాను ఆ స్థాయిలో వేస్తే గొణుగుడు తప్ప ఏమీ వినిపించదు. సబ్‌టైటిల్ ఉంది కదా, వినపడకపోతే ఏం అనుకోవడం సరికాదు. నటన సగం గొంతులోనే ఉంటుంది. ఆటకు ముందు ఒక మెల్లగా మాట్లాడే సన్నివేశం వేసి, ఏసీ నడుస్తుండగా, హాలు మధ్య వరుసలో కూర్చుని విని 6.5, 7 మధ్య స్థిరపరచాలి. పాత మోనో సినిమాల్లో శబ్దమంతా తెర మధ్య స్పీకరు నుంచే వస్తుంది. పక్క స్పీకర్లు, వెనక స్పీకర్లు మౌనంగా ఉంటాయి. అది లోపం కాదు. "సరౌండ్ పనిచేయట్లేదు" అని ఏదో ఎఫెక్ట్ మోడ్ నొక్కితే మాటలు గుహలోంచి వస్తున్నట్టు అవుతాయి.

ఇక సబ్‌టైటిల్స్. నా అభిప్రాయంలో తెలుగు ఊళ్ళలో ఫ్రెంచి సినిమాకు ప్రేక్షకులు పెరగాలంటే తెలుగు సబ్‌టైటిల్స్ తప్ప మార్గం లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగంగా చదవగలిగేవాళ్ళు నగరంలో ఒక వర్గం. ఖమ్మంలోనో రాజమండ్రిలోనో డిగ్రీ చదువుతున్న పిల్లలు, మార్నింగ్ షోకి వచ్చే మామూలు సినిమా అభిమాని ఆ వర్గంలో లేరు. తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. ఎక్కడెక్కడ దెబ్బతింటుందో తెలిసి చేయాలి.

అన్నిటికన్నా ముందు వచ్చే దెబ్బ ఒత్తులది. డీసీపీలో సబ్‌టైటిల్‌ను అక్షరాల ఫైలుగా, దానితో పాటు ఫాంటుగా పంపవచ్చు. సర్వరో ప్రొజెక్టరో ఆ అక్షరాలను అప్పటికప్పుడు తెర మీద గీస్తుంది. ఇంగ్లీషుకు, ఫ్రెంచికి ఇది చక్కగా పనిచేస్తుంది. తెలుగుకు చాలా యంత్రాల్లో పనిచేయదు. గుణింతాలను, ఒత్తులను కలిపి గీయడం వాటికి రాదు. "కృష్ణ" అని రాస్తే ష కింద ఉండాల్సిన ణ ఒత్తు విడిపోయి, మధ్యలో పొల్లుతో "కృష్‌ణ" అని పడుతుంది. ఆఫీసు కంప్యూటరులో బాగానే కనిపిస్తుంది కాబట్టి హాల్లో వేసేదాకా తెలియదు. దీనికి పరిష్కారం ఒక్కటే. ప్రతి సబ్‌టైటిల్‌నూ పీఎన్‌జీ బొమ్మగా తయారు చేసి పంపడం. అప్పుడు సర్వరు అక్షరాలు గీయక్కర్లేదు, బొమ్మను అతికిస్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు డీసీపీకి కావలసిన పీఎన్‌జీలను, వాటి సమయాల జాబితాను తయారు చేసి ఇస్తుంది. డీసీపీ-ఓ-మాటిక్ అనేదీ ఉచితమే. దానితో వెర్షన్ ఫైలు కట్టవచ్చు.

అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంటు మందంగా ఉన్నది వాడాలి. అలంకారాలున్న ఫాంట్లు పోస్టరుకే మంచివి. చుట్టూ సన్నటి నల్ల గీత తప్పనిసరి. తెల్లచొక్కా మీద తెల్ల అక్షరం కనపడదు. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి రెండు వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఎడం ఇవ్వాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో పెనవేసుకుంటాయి. వరుసకు 22, 24 అక్షరాలు దాటకుండా, రెండు వరుసలకు మించకుండా చూడాలి. ఏ సబ్‌టైటిలూ సెకనుకు తక్కువ ఉండకూడదు, ఆరేడు సెకన్లకు మించి నిలవకూడదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు ఫ్రేముల ఖాళీ ఉంటేనే మాట మారిందని కన్ను గుర్తిస్తుంది. మాటలెక్కువగా ఉన్న గంటన్నర సినిమాకు వెయ్యి నుంచి పదిహేను వందల దాకా సబ్‌టైటిల్స్ అవుతాయి. అన్న మాటంతా రాయాలని చూడకూడదు. ఫ్రెంచివాళ్ళు తెర మీద మాట్లాడే వేగానికి మూడో వంతు తగ్గించి రాస్తేనే చదవగలం.

అనువాదం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీద కాకుండా ఫ్రెంచి సంభాషణల జాబితా మీద చేయాలి. హక్కుదారులను అడిగితే ఇస్తారు. ఇంగ్లీషు మీద ఆధారపడితే నువ్వు, మీరు తేడా పోతుంది. ఫ్రెంచిలో ఆ తేడా ఉంది, తెలుగులో ఉంది, మధ్యలో ఇంగ్లీషులో లేదు. మామగారిని అల్లుడు నువ్వు అన్నట్టు తెర మీద పడితే మన హాల్లో నవ్వులు లేస్తాయి.

సమయాల విషయంలో మోసపోయేది ఇలా. డీవీడీ నుంచి తీసిన టైమింగులతో పనిచేస్తే, యూరప్ డీవీడీ సెకనుకు 25 ఫ్రేములు, డీసీపీ 24. డీవీడీలో గంట దగ్గర వచ్చే మాట హాల్లో 62 నిమిషాల 30 సెకన్లకు వస్తుంది. సబ్‌టైటిల్ రెండున్నర నిమిషాలు ముందే పడిపోతుంది. టైమింగులన్నిటినీ 25/24తో హెచ్చించాలి. బ్లూరే నుంచి తీస్తే తేడా చిన్నది, గంటకు 3.6 సెకన్లు. మొదటి పది నిమిషాలు సరిచూసి బాగుందనుకుంటే చివరి అరగంటలో పట్టుబడతాం. కాబట్టి ఎప్పుడూ సినిమా చివరి సంభాషణతో సరిచూడాలి. ఇంకోటి, డీసీపీని దాదాపు 20 నిమిషాల రీళ్ళుగా కోసి ఉంటే ప్రతి రీలుకూ సబ్‌టైటిల్ సమయం సున్నా నుంచి మొదలవుతుంది. సినిమా మొత్తానికీ ఒకే ఫైలు పెడితే రెండో రీలు నుంచి గందరగోళం.

సినిమాకు తాళం వేసి ఉంటే, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, మరో చిక్కు. తాళంచెవిని కేడీఎం అంటారు. అది ఒక సర్వరుకు, ఒక వెర్షన్‌కు, ఒక కాలవ్యవధికి మాత్రమే పనిచేస్తుంది. మనం తెలుగు సబ్‌టైటిల్స్‌తో కట్టిన కొత్త వెర్షన్ ఫైలుకు పాత కేడీఎం చెల్లదు. తాళం వేసిన ల్యాబే కొత్త వెర్షన్‌కు చెవి ఇవ్వాలి. అందుకని హక్కుల ఒప్పందంలోనే "తాళం లేని డీసీపీ" అని గానీ, "తెలుగు వెర్షన్‌కు కేడీఎం ల్యాబు ఇవ్వాలి" అని గానీ రాయించుకోవాలి. పాత సినిమాల డీసీపీలు చాలావరకు తాళం లేకుండానే వస్తాయి.

కేడీఎం వేళలు కూడా జాగ్రత్తగా చదవాలి. అవి సాధారణంగా గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి. ఆదివారం సున్నా గంటలకు తెరుచుకుంటుందని ఉంటే మన దగ్గర ఆదివారం తెల్లవారి 5.30. శనివారం రాత్రి పరీక్షగా వేసి చూద్దామంటే పడదు. ఆటకు మూడు రోజుల ముందు నుంచి మర్నాటి దాకా చెల్లేట్టు అడగాలి. పారిస్ మనకన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. శని, ఆదివారాలు ఆఫీసులు మూసి ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం లోపు పరీక్ష ఆట వేసి చూడకపోతే, ఆదివారం పొద్దున పది గంటలకు తెర మీద నీలిరంగు తప్ప ఏమీ లేనప్పుడు ఫోను ఎత్తేవాళ్ళుండరు. మీడియా బ్లాక్ మార్పించిన హాళ్ళు కొత్త సర్టిఫికెట్‌ను ల్యాబుకు పంపాలి. పాతదాని మీద వచ్చిన చెవి తిరగదు.

ఈ తాళాల గొడవ లేకుండా తెలుగు సబ్‌టైటిల్స్ వేసే మార్గం ఒకటుంది. అంతర్జాతీయ చలనచిత్రోత్సవాల్లో వాడేదే. తెర కింద సన్నటి పట్టీ కట్టి, చిన్న ప్రొజెక్టరుతో దాని మీద తెలుగు వాక్యాలు వేయడం. లాప్‌టాప్ ముందు ఫ్రెంచి తెలిసిన మనిషి కూర్చుని మాటమాటకూ మీట నొక్కుతారు. సినిమా ఫైలును ముట్టుకోనక్కర్లేదు. ఒత్తుల చిక్కూ లేదు. అయితే ఆ చిన్న ప్రొజెక్టరు నలుపు కూడా బూడిద వెలుగే. అది పెద్ద తెర మీదికి పాకి బొమ్మను పాలిపోయేలా చేస్తుంది. లెన్సుకు ఒక అడుగు ముందు అట్టముక్క నిలబెట్టి, పట్టీ ఎత్తుకు సరిపడా చీలిక కోస్తే ఆ వెలుగు ఆగిపోతుంది. మీట నొక్కే మనిషి సినిమాను ముందు కనీసం రెండుసార్లు పూర్తిగా చూసి ఉండాలి. ఒక వాక్యం తప్పితే తరవాతివన్నీ తప్పుతాయి. మళ్ళీ అందుకోవడానికి జాబితాలో ప్రతి సన్నివేశం మొదలునూ రంగుతో గుర్తుపెట్టుకోవాలి.

పొగాకు హెచ్చరిక కూడా ఈ లెక్కలోనే చూసుకోవాలి. సర్టిఫికెట్‌తో విడుదలయ్యే సినిమాలో పొగతాగే దృశ్యం వచ్చినప్పుడల్లా తెర కింది భాగంలో హెచ్చరిక ఉండాలని మన నిబంధన. ఫ్రెంచి సినిమాల్లో, ముఖ్యంగా 1960ల నాటివాటిలో, సిగరెట్టు లేని సన్నివేశం వెతుక్కోవాలి. హెచ్చరిక, సబ్‌టైటిల్ ఒకదాని మీద ఒకటి పడకుండా సబ్‌టైటిల్‌ను ఒక వరుస ఎత్తు పైకి జరిపి తయారు చేయించాలి.

ఇంటర్వెల్ గురించి హాలు యజమానులకు ఒక విన్నపం. ఫ్రెంచి సినిమాలో విరామం ఉండదు. క్యాంటీన్ ఆదాయం మీదే హాలు నడుస్తుందని తెలుసు. సినిమా వంద నిమిషాల లోపయితే ఆటకు ముందు అరగంట తలుపులు తెరిచి టీ, సమోసా అమ్మండి, ఆ వేళలోనే సినిమా గురించి ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడించండి. పెద్ద సినిమా అయి విరామం తప్పదనుకుంటే, గడియారం చూసి ఆపకుండా సినిమాను ముందే చూసి, ఒక సన్నివేశం ముగిసి తెర నల్లబడే చోటు ఎంచుకోవాలి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఐదారు సెకన్లు వెనక్కి జరిపి వేయాలి. మాట మధ్యలో లైట్లు వేయడం ఏ భాష సినిమాకైనా అన్యాయం.

పారిస్‌లో చిన్న హాళ్ళు ఎలా బతుకుతున్నాయని అడిగేవాళ్ళున్నారు. స్టూడియో దెజ్ ఉర్సులిన్ 1926 నుంచి, మోంమార్త్ర్‌లోని స్టూడియో 28 1928 నుంచి, సోర్బోన్ దగ్గర ల షాంపో 1938 నుంచి నడుస్తున్నాయి. షాంపోలో ఒక హాలు ఎంత ఇరుకంటే ప్రొజెక్టరు వెలుగు అద్దాల పెరిస్కోపు గుండా తిరిగి తెర మీదికి వెళుతుంది. ఇవి ప్రేక్షకుల అభిమానంతో మాత్రమే నిలబడలేదు. ఫ్రాన్సులో అమ్ముడైన ప్రతి టికెట్టు మీదా 10.72 శాతం ప్రత్యేక పన్ను జాతీయ సినిమా కేంద్రం సీఎన్‌సీకి వెళుతుంది. హాళ్ళ బాగుకు, కొత్త సినిమాలకు అందులోంచి డబ్బు తిరిగొస్తుంది. కళాత్మక సినిమాలు, పాత సినిమాలు, పిల్లల సినిమాలు వేసే హాళ్ళకు 'ఆర్ ఎ ఎస్సే' అనే గుర్తింపు ఇచ్చి అదనంగా సాయం చేస్తారు. ఆ హాళ్ళ సంఘం 1955లోనే ఏర్పడింది. డిస్ట్రిబ్యూటరు వాటా సగానికి మించకూడదని చట్టం. బడిపిల్లలను హాలుకు తీసుకెళ్ళి సినిమా చూపించే 'ఎకోల్ ఎ సినిమా' కార్యక్రమం 1994 నుంచి సాగుతోంది. మన రెండు ప్రభుత్వాలు టికెట్టు ధర ఎంత పెంచుకోవచ్చన్నదాని మీద ఉత్తర్వులు ఇస్తుంటాయి. ఆ డబ్బులో చిన్న హాలుకు కొంత వెనక్కి ఇచ్చే ఆలోచన కూడా చేయాలని కోరుతున్నాను.

పారిస్‌లో చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. అక్కడి హాళ్ళలో ఫ్రెంచి సినిమాలు మామూలుగా సబ్‌టైటిల్స్ లేకుండానే ఆడతాయి. ఫ్రెంచి రానివారి కోసం లాస్ట్ ఇన్ ఫ్రెంచ్‌లేషన్ అనే బృందం చిన్న హాళ్ళలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో కొత్త ఫ్రెంచి సినిమాలు వేస్తుంది. చిన్న హాలు, అరుదైన ఆట, ముందు పరిచయం, తరవాత కబుర్లు. ఆ పద్ధతి మన ఊళ్ళకూ సరిపోతుంది. 1954 దాకా ఫ్రెంచి పాలన ఉన్న యానాంలో, తెలుగు సబ్‌టైటిల్స్‌తో ఒక ఫ్రెంచి సినిమా వారం జరిగితే చూడాలని ఉంది. గోదావరి జిల్లాల సొసైటీలు, పుదుచ్చేరి అధికారులు దీని గురించి మాట్లాడుకోవాలి.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. పారిస్‌లో 'లోఫిసియెల్ దె స్పెక్తాక్ల్' అనే వారపత్రిక సినిమా ఆటల పట్టికలో వేళతో పాటు మూలభాషలో ఆడుతోందా, డబ్బింగా అన్నది రెండక్షరాల్లో వేస్తుంది. మీ 'నేటి సినిమాలు' శీర్షికలోనూ ఫ్రెంచి సినిమా ఉన్న రోజున ఆట వేళ పక్కన మాటల భాష, సబ్‌టైటిల్స్ భాష, నిడివి, ఇంటర్వెల్ ఉందా లేదా అన్నవి వేయండి. ఒక్క వరుస చాలు. హాలువాళ్ళు ఆ వివరాలు పంపకపోతే ఫోను చేసి అడగండి. మీరు అడిగితే వాళ్ళూ డీసీపీ పేరు తెరిచి చూసుకుంటారు.

ఇట్లు,
ఒక ప్రొజెక్షన్ టెక్నీషియన్,
హైదరాబాద్